మొదటి లైను

నా మొదటి రెసిస్టరుని కంప్యూటరు మింగేసింది.

1995లో మాట. బీటెక్ ఎలక్ట్రానిక్స్ మూడో సంవత్సరంలో ఉన్నాను. కోస్తాలో ఒక చిన్న ఊరి శివార్లలో ఉన్న మా కాలేజీలో అప్పుడే కంప్యూటర్ ల్యాబు పెట్టారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, ఏసీ చలికి చున్నీ భుజాల చుట్టూ కప్పుకుని, ఇద్దరికో మిషన్ చొప్పున కూర్చునేవాళ్ళం. ఆ మిషన్లలో పీస్పైస్ అని ఒక ప్రోగ్రాము ఉండేది. తీగలూ పరికరాలూ లేకుండానే, ఒక సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో లెక్కగట్టి చెప్పే ప్రోగ్రాము అది. మౌసుతో బొమ్మ గీయడం లాంటివి మా మిషన్లలో లేవు. సర్క్యూట్‌ని మాటల్లో రాయాలి. 'ఆర్1 1 2 1కె' అంటే, ఆర్1 అనే రెసిస్టరు ఒకటో నోడు నించి రెండో నోడు దాకా ఉంది, దాని విలువ ఒక కిలో ఓమ్ అని అర్థం. కెపాసిటరుకి ఒక లైను, బ్యాటరీకి ఒక లైను, ఆఖర్న చుక్క పెట్టి 'ఎండ్'. ఫైలు దాచుకుని, నల్లటి తెర మీద ప్రోగ్రాము పేరూ ఫైలు పేరూ కొట్టి ఎంటర్ నొక్కాలి. అంతే.

నేను అంతే చేశాను. రెండో నోడు గాల్లో తేలుతోందని కంప్యూటరు తప్పు పట్టింది. ఒకటో నోడుకి కనెక్షను చాలలేదంది. మళ్ళీ చూసుకున్నాను. రెసిస్టరు అక్కడే, అన్నిటికన్నా పైన, కళ్ళెదురుగా ఉంది. మూడుసార్లు కొట్టాను. మూడుసార్లూ అదే జవాబు. పక్క మిషన్ మీదున్న ఫైనలియర్ అక్క వంగి చూసి నవ్వింది.

"మొదటి లైను టైటిల్ కోసం వదిలెయ్యాలమ్మాయ్. అక్కడ ఏం రాసినా మిషన్ లెక్కలోకి తీసుకోదు."

ఆ మాట ముప్పై ఏళ్ళుగా నాతో ఉంది. ఎందుకో చెప్పాలంటే ముందు పక్క గదిలో ఉన్న అసలు ల్యాబు గురించి చెప్పాలి.

అక్కడ నలుగురికో బ్యాచి. బ్రెడ్‌బోర్డు అబ్బాయిల ముందు, అబ్జర్వేషన్ పుస్తకం మా ముందు. "మీ రైటింగ్ బావుంటుంది కదా, మీరు రాయండి" అనేవాళ్ళు. ఎవరూ మమ్మల్ని తోసెయ్యలేదు, ఎవరూ కసురుకోలేదు. చాలా మర్యాదగా జరిగేది ఆ పంపకం. బీసీ107 ట్రాన్సిస్టరు కాలిపోతే బ్రేకేజీ కింద డబ్బు కట్టాలి. అబ్బాయిలు కాలిస్తే అది ప్రయోగం, మేం కాలిస్తే తెలివితక్కువతనం. అందుకని మేమే చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్ళం. సాయంత్రం ఆరింటికి లేడీస్ హాస్టల్ గేటు మూసేసేవాళ్ళు. ప్రాజెక్టు పని ఉన్న అబ్బాయిలకి ల్యాబు తాళాలు రాత్రి తొమ్మిది దాకా ఇచ్చేవాళ్ళు. రోజుకి మూడు గంటలు తేడా. నాలుగేళ్ళకి అది ఎంతవుతుందో లెక్క వెయ్యండి.

పీస్పైస్ వచ్చాక నాకు తట్టిన విషయం చాలా చిన్నది. ఇందులో సర్క్యూట్ అంటే రాత. రాత అయితే కాగితం మీద రాసుకోవచ్చు. కాగితాన్ని హాస్టల్ గేటు ఆపలేదు. రాత్రిళ్ళు మంచం మీద కూర్చుని పాత రికార్డు పుస్తకాల వెనక పేజీల్లో సర్క్యూట్లు రాసుకునేదాన్ని. నోడ్లకి అంకెలు వేసుకుని, ఒక్కో లైనూ సరిచూసుకుని, పొద్దున ల్యాబు తెరవగానే టైపు చేసేదాన్ని. ట్రాన్సిస్టరుకి మోడల్ లైను నేనే రాసి, బీటాని వంద నించి మూడు వందల దాకా మార్చి చూశాను. ఎమిటరు కింద రెసిస్టరు ఉంటే బీటా మారినా ఆపరేటింగ్ పాయింటు పెద్దగా కదలదని, అది తీసేస్తే చెదిరిపోతుందని పుస్తకంలో చదివిందే. కానీ నా చేతులతో నేను చెడగొట్టి చూసింది అప్పుడే. ఏదీ కాలిపోలేదు. ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు. మా దగ్గరున్న ఉచిత కాపీ పది ట్రాన్సిస్టర్లు దాటితే ఒప్పుకునేది కాదు. నాకు ఒక్కటి చాలు.

ఫైనలియర్ ప్రాజెక్టులో మా బ్యాచి ఒక ఫిల్టరు కట్టింది. దానికి ముందు నలభైసార్లు సిమ్యులేషన్ నడిపి విలువలు తేల్చింది నేను. వైవాకి వచ్చిన ఎగ్జామినర్ సర్క్యూట్ గురించి ముగ్గురు అబ్బాయిలనీ అడిగారు. నా వైపు తిరిగి, "డాక్యుమెంటేషన్ మీరు చేశారా అమ్మా?" అన్నారు. "చేశానండీ" అన్నాను. అది అబద్ధం కాదు. కానీ అంతకు మించి ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు. ఆయన మీద కన్నా ఆ రోజు నా మౌనం మీదే నాకు ఎక్కువ కోపం.

రాయడం, లెక్కలు కట్టడం ఆడవాళ్ళ వంతు, సర్క్యూట్ మగవాళ్ళ వంతు అనే ఈ పంపకం మా కాలేజీలో పుట్టింది కాదని తర్వాత చదువుకుంటున్నప్పుడు తెలిసింది. దానికి పెద్ద చరిత్రే ఉంది.

సిమ్యులేటర్ లోపల జరిగే పని వినడానికి కష్టంగా ఉంటుంది గాని నిజానికి ఓపికతో చేసే కూలిపని. ఒక నోడులోకి వచ్చే కరెంటూ, అందులోంచి పోయే కరెంటూ సమానం. కిర్కాఫ్ 1845లో చెప్పిన సూత్రం ఇది. నోడుకో సమీకరణం చొప్పున రాసి, అన్నిటినీ కలిపి సాధించాలి. ట్రాన్సిస్టరు ఉంటే ఒక్కసారిగా తేలదు. జవాబు ఇంత ఉండొచ్చని ఊహించి, లెక్క కట్టి, తప్పెంతో చూసి, ఊహ సవరించి, మళ్ళీ మొదటి నించి కట్టాలి. ఇప్పుడు నేను వాడుతున్న ఎన్‌జీస్పైస్ మామూలుగా వందసార్లు అలా ప్రయత్నించి, కుదరకపోతే వేరే దారులు వెతుకుతుంది. కాలంతో పాటు మారే వోల్టేజీ కావాలంటే ఒక్కో క్షణానికీ ఇదంతా మళ్ళీ చెయ్యాలి.

మిషన్లు లేనప్పుడు ఇలాంటి లెక్కలు ఎవరు చేసేవారు? మనుషులే. అమెరికాలో వాళ్ళ ఉద్యోగం పేరే 'కంప్యూటర్'. లెక్కలు కట్టే మనిషి అని అర్థం. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఆ మనుషుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు. సమస్యని ఇంజనీరు ఇస్తాడు, సంతకం ఇంజనీరు పెడతాడు. మధ్యలో ఉన్న వందల లైన్ల లెక్క ఆమెది.

ఎడిత్ క్లార్క్ అలాంటి ఒక కంప్యూటర్. 1883లో మేరీలాండ్‌లో పుట్టింది. పన్నెండేళ్ళకే తల్లీ తండ్రీ పోయారు. తన వాటాకి వచ్చిన ఆస్తిని చదువుకి ఖర్చు పెట్టుకుని 1908లో వాసర్ కాలేజీలో డిగ్రీ పూర్తి చేసింది. 1912లో ఏటీ అండ్ టీ కంపెనీలో జార్జ్ క్యాంప్‌బెల్ అనే శాస్త్రవేత్త దగ్గర లెక్కలు కట్టే ఉద్యోగంలో చేరింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలానికి అక్కడి మహిళా కంప్యూటర్ల బృందాన్ని నడిపించే స్థాయికి వచ్చింది. 1919లో ఎంఐటీ నించి ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా తీసుకుంది. అక్కడ ఆ పట్టా అందుకున్న మొదటి స్త్రీ ఆమె. అంత పట్టా ఉన్నా ఇంజనీరు ఉద్యోగం దొరకలేదు. జనరల్ ఎలక్ట్రిక్ ఆమెకిచ్చింది మళ్ళీ కంప్యూటర్ల మీద అజమాయిషీ పనే.

ఆ పనిలో ఉండగానే క్లార్క్ ఒక సాధనం తయారుచేసింది. దూరాలకి విద్యుత్తు మోసుకెళ్ళే లైన్ల లెక్కల్లో హైపర్‌బోలిక్ ఫంక్షన్లతో పెద్ద కుస్తీ ఉంటుంది. ఆ కుస్తీ లేకుండా గీతల మీదే జవాబు చూపించే 'క్లార్క్ కాలిక్యులేటర్' అది. 1921లో పేటెంటుకి దరఖాస్తు చేస్తే 1925లో వచ్చింది. దరఖాస్తు పెట్టిన ఏడే ఆమె ఉద్యోగం వదిలేసి, టర్కీ వెళ్ళి కాన్‌స్టాంటినోపుల్ మహిళా కాలేజీలో పాఠాలు చెప్పింది. 1922లో తిరిగొచ్చాకే జనరల్ ఎలక్ట్రిక్ ఆమెని ఇంజనీరుగా తీసుకుంది. 1943లో ఏసీ పవర్ సిస్టమ్స్ సర్క్యూట్ విశ్లేషణ మీద ఆమె రాసిన పుస్తకం వచ్చింది. 1947లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసరయింది. మా కోర్సులో 'క్లార్క్ ట్రాన్స్‌ఫర్మేషన్' మార్కులకోసం బట్టీపట్టాం. క్లార్క్ అంటే ఎవరో ఒక గడ్డం తెల్లాయన అనుకున్నాం. ఆమె అని ఎవరూ చెప్పలేదు.

క్లార్క్ పుస్తకం వచ్చిన 1943లోనే మద్రాసులో మన తెలుగమ్మాయి ఒకామె ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసింది. అయ్యలసోమయాజుల లలిత 1919లో పుట్టింది. పదిహేనేళ్ళకి పెళ్ళి. పద్ధెనిమిదేళ్ళకి వైధవ్యం. ఒళ్ళో నాలుగు నెలల ఆడపిల్ల. ఆ రోజుల్లో ఆ కుటుంబాల్లో వితంతువు బతుకు ఎలా ఉండేదో మన అమ్మమ్మల్ని అడిగితే చెప్తారు. లలిత ఆ బతుక్కి తల వంచలేదు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ప్రిన్సిపాల్ కె.సి.చాకోతో మాట్లాడి 1940లో కూతురిని అందులో చేర్పించాడు. ఆమె వెనకే సివిల్ బ్రాంచిలో పి.కె.త్రేసియా, లీలమ్మ జార్జ్ చేరారు. ముగ్గురూ కలిసే బయటికొచ్చారు. త్రేసియా 1971లో కేరళ ప్రజాపనుల శాఖలో చీఫ్ ఇంజనీరయింది.

వాళ్ళ పట్టాల గురించి ఒక వివరం ఉంది. అచ్చేసిన సర్టిఫికెట్‌లో 'హీ' అని ఉంటే, దాన్ని కొట్టేసి 'షీ' అని రాసి ఇచ్చారు. అంటే ఇంజనీరనే మనిషి అచ్చులోనే మగవాడు. ఆడమనిషి వస్తే పెన్నుతో దిద్దుకోవాలి. స్పైస్‌లో ప్రతి సర్క్యూట్‌కీ సున్నా నోడు ఒకటి తప్పనిసరిగా ఉండాలి. వోల్టేజీకి తనంతట తనకి అర్థం లేదు, సున్నా నించి ఎంత ఎత్తులో ఉందో అదే దాని విలువ. సున్నా ఎక్కడ పెట్టాలో మాత్రం రాసేవాళ్ళ ఇష్టం. ఆ పాఠం చెప్పినప్పుడల్లా నాకు ఆ సర్టిఫికెట్ గుర్తొస్తుంది.

లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా, తర్వాత సిమ్లాలో కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో పనిచేసింది. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరింది. ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైను, సబ్‌స్టేషన్ల లేఅవుటు, రక్షణ పరికరాలు ఆమె పని. భాక్రా నంగల్ డ్యాము విద్యుత్ పరికరాల పనిలో ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్కులో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సమావేశానికి వెళ్ళింది. 1979లో, అరవై ఏళ్ళకే పోయింది.

లలితని చూసి గర్వపడుతూనే ఒక మాట ఒప్పుకోవాలి. తలుపు లోపల తండ్రి ఉన్నాడు కాబట్టి ఆమెకి ఆ తలుపు తెరుచుకుంది. చదువుకున్న ఇల్లు, ప్రొఫెసరైన తండ్రి, పిల్లని చూసుకునే బంధువులు. అవేవీ లేని ఆడవాళ్ళు ఎంతమంది ఆ గేటు బయటే ఉండిపోయారో ఏ రికార్డూ చెప్పదు. మొదటి మహిళల జాబితా చదివేటప్పుడు ఆ ఖాళీని కూడా చదవాలి.

క్లార్క్, లలిత తరం చేతుల్లో ఉన్నవి స్లైడ్ రూలు, లాగ్ టేబుల్సు, గ్రాఫు కాగితాలు. 1960ల చివరికి ఒకే సిలికాన్ ముక్క మీద చాలా ట్రాన్సిస్టర్లు పెట్టడం మొదలైంది. దాన్ని బ్రెడ్‌బోర్డు మీద కట్టి చూడడం కుదరదు. చేత్తో లెక్క కట్టడమూ కుదరదు. అక్కడ స్పైస్ కథ మొదలవుతుంది.

1969-70లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో రాన్ రోరర్ అనే అధ్యాపకుడు తన కోర్సులో విద్యార్థుల చేత ఒక సర్క్యూట్ సిమ్యులేటర్ రాయించాడు. పరీక్ష వింతగా ఉంది. డొనాల్డ్ పెడర్సన్ అనే సీనియర్ ప్రొఫెసరుకి ప్రోగ్రాము నచ్చితే అందరూ పాసు. నచ్చింది. దానికి పెట్టిన పేరు 'క్యాన్సర్'. రేడియేషన్‌ని మినహాయించి సర్క్యూట్లని విశ్లేషించే ప్రోగ్రాము అని దాని పూర్తి పేరు చెప్తుంది. అప్పటి చాలా సిమ్యులేటర్లు అమెరికా రక్షణశాఖ డబ్బుతో తయారైనవి. అణుదాడిలో సర్క్యూట్ ఏమవుతుందో లెక్క కట్టడం వాటి బాధ్యతల్లో ఒకటి. వియత్నాం యుద్ధం మీద విద్యార్థులు రోడ్లెక్కిన బర్క్‌లీలో, ఆ పని మాది కాదని ప్రోగ్రాము పేరులోనే రాసిపెట్టారు.

ఆ విద్యార్థుల్లో లారెన్స్ నేగెల్ పెడర్సన్ దగ్గర ఆ పని కొనసాగించి, దాన్ని 'స్పైస్'గా మార్చాడు. 1973లో కెనడాలో ఒక సదస్సులో లోకానికి చూపించారు. 1975లో నేగెల్ సిద్ధాంత గ్రంథంతో స్పైస్2 వచ్చింది. 1989లో థామస్ క్వార్ల్స్ దాన్ని సీ భాషలో తిరగరాసి స్పైస్3 చేశాడు. అన్నిటికన్నా నాకు నచ్చేది పెడర్సన్ పట్టుదల. ప్రోగ్రాముకి తాళం వెయ్యకూడదు, అడిగినవాళ్ళకి ఇవ్వాలి అన్నాడు. బర్క్‌లీలో చదివి వెళ్ళినవాళ్ళు తమతో పాటు కంపెనీలకి దాన్ని మోసుకెళ్ళారు. కంపెనీలు సొంత కాపీలు చేసుకున్నాయి. 1984లో ఒక కంపెనీ దాన్ని చిన్న కంప్యూటరు మీదికి తెచ్చింది. అదే పీస్పైస్. అలా చేతులు మారీ మారీ, మా కాలేజీ ఫ్లాపీలోకి వచ్చింది. తాళం వేసి ఉంటే నా దాకా వచ్చేదా? కాదనే అనుకుంటాను.

ఈ కథ ఎక్కడ చదివినా రోరర్, పెడర్సన్, నేగెల్, క్వార్ల్స్ పేర్లు వస్తాయి. రావాలి కూడా. 2011లో ఐఈఈఈ స్పైస్‌ని ఒక చారిత్రక మైలురాయిగా గుర్తించింది. కానీ స్పైస్2లో మాస్ ట్రాన్సిస్టర్లని ఎలా లెక్క కట్టాలో వివరించే 1980 నివేదిక మీద ఇద్దరి పేర్లున్నాయి. ఆండ్రె వ్లాదిమిరెస్కు, సాలీ లియు. ఇవాళ మన ఫోన్లలో ఉన్న చిప్పుల్లో చాలావరకు మాస్ ట్రాన్సిస్టర్లతో చేసినవే. అయినా కథ చెప్పేవాళ్ళ నోట సాలీ లియు పేరు అరుదుగా వినిపిస్తుంది. స్పైస్ ఫైలుని ఇప్పటికీ 'డెక్' అంటారు, అందులో లైనుని 'కార్డు' అంటారు. ఒకప్పుడు లైనుకో కార్డు చొప్పున చిల్లులు పొడిచి, కట్ట కట్టి మిషన్‌కి ఇచ్చిన రోజుల గుర్తు అది. ఆ కాలంలో పెద్ద సంస్థల్లో కార్డులకి చిల్లులు పొడిచే ఉద్యోగం ఎక్కువగా ఆడవాళ్ళదే. భాషలో కార్డు మిగిలింది. పొడిచినవాళ్ళ పేర్లు మిగల్లేదు.

'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకాన్ని 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చినప్పుడు, సాయుధ పోరాటంలో అన్నం వండిన, ఉత్తరాలు మోసిన ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చుని వినడం మనం నేర్చుకున్నాం. సైన్సు చరిత్రకి కూడా ఆ వినడం కావాలి. 'కనిపెట్టినవాళ్ళు' అనే జాబితాతో మొదలుపెడితే ఆడవాళ్ళు ఎప్పుడూ తక్కువే కనిపిస్తారు. ఈ పని చేతుల మీదుగా ఎలా నడిచింది అని అడిగితే, వాళ్ళు లేని చోటు ఉండదు. లెక్క కట్టే పని విసుగుపుట్టించేదిగా ఉన్నంత కాలం దాన్ని ఆడవాళ్ళకి అప్పగించారు. ఆ పనిని మిషన్‌కి నేర్పడం గొప్ప విద్య అయ్యేసరికి అది మగవాళ్ళ విద్య అయింది. 'కంప్యూటర్' అన్న పేరు మనిషి నించి మిషన్‌కి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను ఒక మహిళా పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్తున్నాను. మా ల్యాబులో ఉన్నవి పాత మిషన్లు. వాటిలో లినక్సు, దాని మీద ఎన్‌జీస్పైస్. బర్క్‌లీ స్పైస్3 కోడు మీద కట్టిన ప్రోగ్రామే, పైసా ఖర్చు లేదు. బొమ్మ గీసి సిమ్యులేట్ చేసుకోవడానికి ఐఐటీ బొంబాయి వాళ్ళు తయారుచేసిన ఈసిమ్ కూడా ఉంది, దాని లోపలా ఎన్‌జీస్పైసే. అయినా మొదటి నెల నేను కమాండ్ లైనే నేర్పిస్తాను. పాత మిషన్ల మీద చకచకా నడుస్తుందనేది ఒక కారణం. ఏ తీగ ఎక్కడికి వెళ్తోందో అమ్మాయి తన అంకెలతో తాను రాసుకోవాలనేది రెండోది. పెద్ద అక్షరం 'ఎం' వేసినా అది మిల్లీయే, మెగా కావాలంటే 'మెగ్' అని రాయాలి. పది మెగా ఓములనుకుని పది మిల్లీ ఓములు పెట్టి, సర్క్యూట్ ఎందుకు చచ్చిపోయిందో గంటసేపు వెతుక్కున్నాక ఆ తప్పు జన్మలో మళ్ళీ చెయ్యరు. 'మైనస్ బీ' అని పెట్టి ఎంటర్ కొడితే లెక్కంతా దానంతటదే పూర్తవుతుంది. ఇరవై విలువలకి ఇరవైసార్లు నడిపించుకోవచ్చు.

మా హాస్టల్‌కీ గేటు ఉంది. ఇప్పుడు ఏడింటికి మూస్తారు. పిల్లలు రాత్రిళ్ళు ఫోనులో నెట్‌లిస్టు రాసుకుని పొద్దున పట్టుకొస్తారు. ముప్పై ఏళ్ళలో గంట సంపాదించామన్నమాట. బ్రెడ్‌బోర్డులు మాత్రం ఇక్కడ వాళ్ళ ముందే ఉంటాయి. సిమ్యులేషన్ అయ్యాక కట్టి తీరాలని నా నియమం. కాలిస్తే కాలనివ్వండి అంటాను. సిమ్యులేటర్ నాకు కిటికీ అయింది నిజమే, కానీ కిటికీ చూపించి తలుపు మూసేసే వీలు ఎవరికీ ఇవ్వకూడదు.

ఈ ఏడు మొదటి క్లాసులో ఒక పిల్ల నేను ముప్పై ఏళ్ళ కింద చేసిన తప్పే చేసింది. రెసిస్టరుని పైన పెట్టింది. మిషన్ మింగేసింది. మొదటి లైను లెక్కలోకి రాదని చెప్పాను.

"లెక్కలోకి రానప్పుడు అది ఎందుకు మేడం?" అంది.

"ఫలితం వచ్చేటప్పుడు అన్నిటికన్నా పైన అదే వస్తుంది చూడు" అన్నాను.

"మరి అక్కడ ఏం రాయాలి?"

వైవాలో నేను చెప్పలేకపోయిన జవాబు అప్పుడు గుర్తొచ్చింది.

"ముందు నీ పేరు రాయి. రెసిస్టరు రెండో లైన్లో పెట్టు."